విశాఖలో రెండు రోజుల పుట్టినరోజు: టికెట్ నుంచి కేకు దాకా

ఊళ్లో ఫంక్షన్ హాలు తీసుకుని యాభై మందికి భోజనాలు, రిటర్న్ గిఫ్టులు అంటే ఎంతవుతుందో లెక్కేసుకున్నాక చాలా ఇళ్లలో వచ్చే మాట ఒకటే: "దీనికి బదులు మనం నలుగురం ఎక్కడికైనా వెళ్లొద్దాం." కోస్తా వాళ్లకైనా, హైదరాబాద్ వాళ్లకైనా ఆ 'ఎక్కడికైనా' అన్నదానికి విశాఖపట్నం బాగా కుదురుతుంది. సముద్రం, కొండ, జలాంతర్గామి, జంతువులు అన్నీ ఒకే బీచ్ రోడ్డు పొడవునా ఉంటాయి. రైలు దిగిన అరగంటలో గదిలో ఉండొచ్చు.

ఇలాంటి ప్రయాణం చెడేది చూడ్డానికి ఏమీ లేక కాదు, మరీ ఎక్కువ పెట్టుకోవడం వల్ల. రెండు రోజుల్లో తొమ్మిది చోట్లు తిప్పితే పుట్టినరోజు పిల్ల కేకు వేళకి కారులోనే నిద్రపోతుంది. అందుకే ఇక్కడ చెప్పే ప్రణాళిక అంతా ఒక్క నియమం మీద నడుస్తుంది: పూటకి ఒక్కటే చోటు, మధ్యాహ్నం గదిలో నిద్ర. ఇద్దరు పెద్దవాళ్లు, పదేళ్ల లోపు పిల్లలు ఇద్దరు, తోడుగా ఒక అమ్మమ్మో నానమ్మో ఉన్న కుటుంబాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినది ఇది.

తేదీ ఖరారు చేసే ముందు వారం చూడండి

పుట్టినరోజు సోమవారం వచ్చిందా? అయితే దాని ముందు శని, ఆదివారాలకు జరపండి. కురుసుర జలాంతర్గామి మ్యూజియానికీ, జంతుప్రదర్శనశాలకీ సోమవారమే సెలవు. పిల్లలు అడిగేవి సరిగ్గా ఆ రెండే. మంగళవారం నుంచి శనివారం దాకా కురుసుర మధ్యాహ్నం 2 గంటల తర్వాతే తెరుస్తారు, ఆదివారం మాత్రం ఉదయం కూడా ఉంటుంది. ఇది తెలియక పొద్దున్న తొమ్మిదికే టిఫిన్ చేసి గేటు ముందు నిలబడే కుటుంబాలు వారంలో ఏ రోజు చూసినా కనిపిస్తాయి.

తిథి ప్రకారమా, ఇంగ్లీషు తేదీ ప్రకారమా అన్న చర్చ ఇంట్లో ఉంటే ఎవరి మాటా తీసేయనక్కర్లేదు. నక్షత్రం రోజున ఇంటి దగ్గరి గుళ్లో అర్చన చేయించి, ప్రయాణాన్ని సెలవులకు జరుపుకోండి. పెద్దవాళ్లు సింహాచలంలోనే చేయించాలంటే దానికీ ఈ రెండు రోజుల్లో చోటుంది, కింద చెబుతాం.

తప్పించాల్సిన రోజులు కొన్ని ఉన్నాయి. అక్షయ తృతీయ నాడు సింహాద్రి అప్పన్న నిజరూప దర్శనం. ఏడాది పొడవునా చందనంలో ఉండే స్వామి ఆ ఒక్క రోజే అసలు రూపంతో కనిపిస్తాడు కాబట్టి జనం పోటెత్తుతారు. ఆషాఢ పౌర్ణమికి గిరి ప్రదక్షిణ, దాదాపు 32 కిలోమీటర్ల నడక. ఆ దారి హనుమంతవాక, అప్పూఘర్, మద్దిలపాలెం మీదుగా నగరంలోంచే పోతుంది. ఆ రోజు కారు బుక్ చేసుకున్నా అది మీ దగ్గరికి వస్తుందన్న నమ్మకం లేదు. సంక్రాంతి వారంలో గది దొరుకుతుంది కానీ రైలు దొరకదు. కార్తీకమాసం ఆదివారాల్లో వనభోజనాల బస్సులతో బీచ్ రోడ్డు నిండిపోతుంది.

వాతావరణం సంగతికొస్తే నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ కన్నా ఉక్కపోత ఎక్కువ బాధపెడుతుంది. థర్మామీటర్ 35 చూపించినా ఒళ్లంతా చెమటే. అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న ఈ నగరం మీదే తీరం దాటింది. ఆ నెలల్లో పుట్టినరోజు ఉంటే మానుకోనక్కర్లేదు, రద్దు చేసుకునే వీలున్న గది తీసుకుంటే చాలు.

రైలు టికెట్

రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు ఉదయం 8 గంటలకు తెరుచుకుంటుంది. శుక్రవారం రాత్రి విశాఖ వైపు, ఆదివారం రాత్రి హైదరాబాద్ వైపు బెర్తులు ముందుగా అయిపోతాయి కాబట్టి ఆ రెండింటికీ మొదటి రోజే కూర్చోండి. తత్కాల్ మీద ఆధారపడితే ప్రయాణానికి ముందు రోజు ఏసీకి 10 గంటలకు, నాన్ ఏసీకి 11 గంటలకు ఆధార్‌తో ధ్రువీకరించిన ఖాతాతో పోటీ పడాలి. ఖరారైన తత్కాల్ టికెట్ రద్దు చేస్తే డబ్బు తిరిగి రాదు.

పెద్దవాళ్లకు కింది బెర్తు కావాలంటే ఒక కిటుకు ఉంది. 60 దాటిన మగవాళ్లకు, 45 దాటిన ఆడవాళ్లకు లోయర్ బెర్త్ కోటా ఉంది కానీ, అది ఆ వయసువాళ్లు ఒక్కరో ఇద్దరో ఉన్న టికెట్‌కే వర్తిస్తుంది. ఐదుగురినీ ఒకే టికెట్‌లో పెడితే అమ్మమ్మకు పై బెర్తు వచ్చే ప్రమాదం ఉంది. అందుకని ఆవిడ టికెట్ విడిగా, అదే రైల్లో అదే క్లాసులో ఆ కోటా కింద తీయండి. బోగీ వేరైనా రాత్రి ఎవరో ఒకరు మారొచ్చు. పై బెర్తు వచ్చాక కిందివాళ్లను బతిమాలుకోవడం కన్నా అది తేలిక.

ఐదేళ్లు నిండని పిల్లలకు బెర్తు అడగకపోతే టికెట్టే అక్కర్లేదు. ఐదు నుంచి పన్నెండు లోపు పిల్లలకు బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ, స్లీపర్‌లోనో థర్డ్ ఏసీలోనో బెర్తు వద్దంటే సగం. ఏడెనిమిదేళ్ల పిల్లను రాత్రంతా పక్కన పడుకోబెట్టుకుంటే ఇద్దరికీ నిద్ర ఉండదు. ఆ సగం మిగుల్చుకోకండి.

రైలు ఎంచుకునేటప్పుడు చివరి స్టేషన్ పేరు చదవండి. హౌరా వైపు వెళ్లే కొన్ని దూరప్రాంత రైళ్లు విశాఖ స్టేషన్‌లోకి రాకుండా దువ్వాడలో ఆగి అటునుంచి అటే వెళ్లిపోతాయి. విశాఖ స్టేషన్‌లోకి వస్తే ఇంజను వెనక్కి మార్చి బయల్దేరాలి, అందులో సమయం పోతుందని. దువ్వాడలో తెల్లవారుజామున సామానుతో దిగితే బీచ్ రోడ్డు ఇరవై కిలోమీటర్ల పైనే. టికెట్ కాస్త తక్కువని అటు పోతే ఆటోకి అంతకంత అవుతుంది.

విజయవాడ నుంచైతే పొద్దున్నే బయల్దేరే రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ మధ్యాహ్నానికి దింపుతుంది, గది కూడా అప్పటికి సిద్ధమవుతుంది. హైదరాబాద్ నుంచి గోదావరి లాంటి రాత్రి రైళ్లు తెల్లవారకముందే చేరుస్తాయి. చాలామంది తట్టుకుపోయేది ఇక్కడే. చెక్ ఇన్ పన్నెండుకో రెండుకో, మీరు దిగింది ఆరుకి. దానికి దారులు మూడు: హోటల్‌లో ముందే మాట్లాడి అదనపు డబ్బు కట్టి పొద్దున్నే గది తీసుకోవడం, పీఎన్ఆర్‌తో స్టేషన్‌లోని రిటైరింగ్ రూమ్ ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవడం, లేదా సామాను హోటల్ రిసెప్షన్‌లో పడేసి ముఖాలు కడుక్కుని నేరుగా సింహాచలం కొండెక్కడం. స్నానం లేకుండా గుడికి వెళ్లడం పెద్దవాళ్లకు ససేమిరా ఇష్టముండదు. కాబట్టి పెద్దవాళ్లుంటే మొదటి దారే పట్టండి.

స్టేషన్‌కి రెండు ద్వారాలు, ఒకటి మొదటి ప్లాట్‌ఫామ్ వైపు, ఇంకోటి జ్ఞానాపురం వైపు. బీచ్ వైపు వెళ్లేవాళ్లు మొదటి ప్లాట్‌ఫామ్ వైపే బయటికి రావాలి. యాప్‌లో కారు పిలిచేటప్పుడు పిన్ ఏ వైపు పడిందో చూసుకోండి. తప్పు వైపు పడితే బండి చుట్టూ తిరిగి రావడానికి పావుగంట పడుతుంది, ఈలోపు డ్రైవరు రద్దు చేసేస్తాడు.

గది ఎక్కడ, ఏమడిగి తీసుకోవాలి

రెండు రోజులకైతే ఆర్కే బీచ్, పాండురంగాపురం, సిరిపురం చుట్టుపక్కల తీసుకోండి. రుషికొండ రిసార్టుల్లో గదులు అందంగానే ఉంటాయి కానీ ప్రతిదానికీ పదీ పన్నెండు కిలోమీటర్లు లోపలికి రావాలి. ద్వారకానగర్‌లో ఆర్టీసీ కాంప్లెక్స్ పక్కన గదులు చౌక, తిండికి కొదవ లేదు, సముద్రం మాత్రం కనిపించదు. పుట్టినరోజు పిల్ల పొద్దున్నే లేచి కిటికీ తెర తీయగానే అలలు కనిపించాలంటే ఒక్క రాత్రికి కొంచెం ఎక్కువ పెట్టడంలో తప్పు లేదు.

'సీ వ్యూ' అన్న మాటను మాత్రం నమ్మి ఊరుకోకండి. గోడకి ఆనుకుని మెడ పక్కకి తిప్పితే కనిపించే నీలిగీతని కూడా సీ వ్యూ అనే అమ్ముతారు. హోటల్‌కి ఫోన్ చేసి ఎన్నో అంతస్తు, కిటికీ సముద్రానికి ఎదురుగానా పక్కకా, ఎదురుగా చెట్లో కట్టడమో ఏమైనా అడ్డం ఉందా అని అడగండి. అదే ఫోన్లో ఇంకో నాలుగు విషయాలు తేల్చుకోవాలి. ఐదుగురికి ఒక గదిలో అదనపు పరుపు ఇస్తారా, దానికెంత? బయటి కేకు లోపలికి తేనిస్తారా? గదిలో ఫ్రిజ్ ఉంటే కిలో కేకు పెట్టె పడుతుందా? చాలా హోటళ్లలో చిన్న ఫ్రిజ్‌లో నీళ్ల సీసాలు తప్ప ఏమీ పట్టవు, వంటగదిలో పెట్టమంటే పెడతారు. ఆదివారం గది ఖాళీ చేశాక సాయంత్రం దాకా సామాను ఉంచుకుంటారా? ఈ జవాబులన్నీ వాట్సాప్‌లో రాయించుకోండి. ఫోన్లో 'ఆ, పర్లేదండీ' అన్నవాళ్లు మీరు వెళ్లే రోజు డ్యూటీలో ఉండకపోవచ్చు.

పెద్దవాళ్లందరి గుర్తింపు కార్డులూ అసలువి తీసుకెళ్లండి.

కేకు: ఎక్కువ తప్పులు జరిగేచోటు

ఐదుగురికి అరకిలో సరిపోతుంది, ఇంకా ఒకటి రెండు ముక్కలు మిగులుతాయి. కిలో తెచ్చి సగం చెత్తబుట్టలో వేసేవాళ్లే ఎక్కువ. కోసే కేకు చిన్నది తెచ్చుకుని, మిగిలిన డబ్బుతో మర్నాటికి పిల్లలు ఎంచుకున్న పేస్ట్రీ కొనిస్తే రెండు సార్లు సంబరం.

ఫ్రెష్ క్రీమా, బటర్ క్రీమా అన్నది రుచిని బట్టి కాదు, దూరాన్ని బట్టి తేల్చండి. విశాఖ తేమలో ఫ్రెష్ క్రీమ్ ఏసీ కారులో ముప్పావుగంట ఆగుతుంది, ఆటోలో ఇరవై నిమిషాలకే అంచులు జారడం మొదలవుతుంది. బేకరీ రెండు కిలోమీటర్ల లోపు ఉంటే ఫ్రెష్ క్రీమ్, అంతకన్నా దూరమైతే బటర్ క్రీమ్ తీసుకోండి. ఫోటో ముద్రించిన కేకు తేమకి రంగు వదులుతుంది కనుక దాన్ని ఫ్రిజ్‌లోంచి కోసే పది నిమిషాల ముందే బయటికి తీయాలి. సింహాచలం వెళ్లొచ్చిన పెద్దవాళ్లు ఆ రోజు గుడ్డు ముట్టరు, ఎగ్‌లెస్ అని ముందే చెప్పండి.

ఆర్డరు ఒక రోజు ముందే, అడ్వాన్సు కట్టి ఇవ్వాలి. పేరు ఫోన్లో చెప్పకండి. 'సాహితి' అంటే 'సాహిత్' అని రాసిన కేకు వస్తే దిద్దే దారి లేదు. పేరుని పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి ఫోటో పంపండి. తెలుగు అక్షరాలు కావాలంటే ఆ ఫోటో తప్పనిసరి. కేకు రావాల్సిన వేళ కోసే వేళ కన్నా గంటన్నర ముందు పెట్టండి. ఏడున్నరకు కోయాలంటే ఆరింటికి హోటల్‌లో ఉండాలి. డెలివరీ కుర్రాడికి మీ నంబరుతో పాటు రిసెప్షన్ నంబరు కూడా ఇవ్వండి, ఆ వేళకి మీరు బీచ్‌లో ఉంటారు, అలల హోరులో ఫోను వినపడదు.

కేకు బీచ్‌లో కోద్దామన్న ఆలోచన అందరికీ వస్తుంది. వద్దు. సాయంత్రం గాలి సముద్రం మీంచే వీస్తుంది, కొవ్వొత్తి ఒక్కసారి కూడా వెలగదు, వెలిగినా ఈలోపు క్రీమ్ మీద ఇసుక పేరుకుంటుంది. చుట్టూ కుక్కలు చేరతాయి. గదిలోనో, ముందే మాట్లాడుకున్న రెస్టారెంట్‌లోనో కోయండి. రెస్టారెంట్‌లో బయటి కేకు కోసుకోనివ్వడానికి కొన్నిచోట్ల విడిగా డబ్బు తీసుకుంటారు, టేబుల్ బుక్ చేసేటప్పుడే తేల్చుకోండి. అర్ధరాత్రి పన్నెండుకి కోయడం పెద్దవాళ్ల సరదా. ఆరేళ్ల పిల్లను నిద్రలోంచి లేపితే ఫోటోలన్నింటిలో ఏడుపే ఉంటుంది, మర్నాడు పొద్దంతా చిరాకు.

భద్రత సంగతి గట్టిగానే చెప్పాలి. పార్టీ స్నో స్ప్రే డబ్బాల్లో నురగను బయటికి తోసే వాయువు చాలావాటిలో మండే రకమే. వెలుగుతున్న కొవ్వొత్తి ముందు పిల్ల ముఖం మీద అది కొడితే క్షణంలో మంట లేస్తుంది. అసలు కొనకండి. బీచ్‌లో అమ్మే ఎగిరే బుడగల్లో చౌకగా దొరికే హైడ్రోజన్ ఉండొచ్చు, అది కూడా అంటుకునేదే. వాటిని గదిలో కొవ్వొత్తి దగ్గర గానీ, మూసిన కారులో గానీ పెట్టకూడదు. నోటితో ఊదిన బుడగలు పది కట్టినా ఫోటోకి చాలు. మ్యాజిక్ కొవ్వొత్తి ఆరినట్టే ఆరి మళ్లీ వెలుగుతుంది కాబట్టి తీసిన వెంటనే గ్లాసు నీళ్లలో ముంచాలి, చెత్తబుట్టలో వేయకూడదు. నిప్పురవ్వలు చిమ్మే కొవ్వొత్తి గదిలో వెలిగిస్తే పొగ పసిగట్టే అలారం మోగుతుంది. స్నో స్ప్రేలు, టపాసులు రైల్లోనూ విమానంలోనూ తీసుకెళ్లకూడదు కనుక ఇంటి నుంచి సర్దుకురావద్దు.

మొదటి రోజు, శనివారం

మధ్యాహ్నం చేరి, అన్నం తిని, మూడున్నర దాకా అందరూ పడుకోండి. ఈ నిద్ర తీసేస్తే సాయంత్రం మొత్తం దెబ్బతింటుంది.

నాలుగింటికి బీచ్ రోడ్డు మీద కుటుంబం ఫోటో. విశాఖ తూర్పు తీరం, అంటే సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, అస్తమించేది ఊరి వెనక. సముద్రం మీద సూర్యాస్తమయం చూద్దామని వచ్చేవాళ్లకి ఇక్కడ అది దొరకదు. దీనివల్ల ఒక లాభముంది: సాయంత్రం నాలుగు, ఐదు మధ్య సముద్రాన్ని వెనక పెట్టుకుని నిలబడితే వెలుగు నేరుగా ముఖం మీద పడుతుంది. పొద్దున తీస్తే ముఖాలన్నీ నల్లగా వస్తాయి.

తర్వాత కురుసుర. 1969లో సోవియట్ యూనియన్ నుంచి నౌకాదళంలో చేరి 2001లో విరమించిన ఈ జలాంతర్గామిని ఒడ్డుకి లాగి, 2002లో మ్యూజియంగా మార్చారు. పొడవు 91 మీటర్లు. 22 టార్పిడోలు, 75 మంది సిబ్బంది ఆ ఇరుకులోనే ఉండేవాళ్లు. పిల్లలు నోరు తెరుచుకుని చూసేది టార్పిడోలను కాదు, ఒకదానిమీద ఒకటిగా గోడకి వేలాడే పడకలను, అలమరా అంత వంటగదిని. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోవడానికి గుండ్రటి ఇనుప ద్వారం ఉంటుంది. ముందు ఒక కాలు అవతల పెట్టి, తల వంచి, ఆపైన రెండో కాలు తీసుకోవాలి. తల ముందు పెట్టినవాళ్లకి నుదుటికి దెబ్బ ఖాయం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి, ఇరుకు చోటంటే ఊపిరాడనివాళ్లకి ఇది పనికిరాదు. చంకన పసిపిల్లను ఎత్తుకుని దూరడం కూడా కష్టమే. అమ్మమ్మని బీచ్ రోడ్డు మీద బల్ల దగ్గర కూర్చోబెట్టి, పెద్దవాళ్లు ఇద్దరూ వంతులవారీగా వెళ్లండి. లోపల అరగంట చాలు.

రోడ్డు దాటితే టీయూ 142 విమానం. 1988 నుంచి 2017 దాకా నౌకాదళం తరఫున సముద్రం మీద నిఘా తిరిగిన భారీ విమానం ఇది, 2017 డిసెంబరులోనే మ్యూజియమైంది. నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికి ఎదురెదురుగా తిరిగే రెండేసి పంకాలు. 'పంకాలు ఎన్నున్నాయో లెక్కపెట్టు' అని పిల్లలకు చెబితే మీరు టికెట్ తీసుకునేదాకా అల్లరి ఉండదు. పిల్లలు అప్పటికే అలిసిపోతే దీన్ని బయటి నుంచి చూసి వదిలేయండి, ఏమీ పోదు.

ఆరింటి నుంచి ఏడు దాకా ఇసుకలో ఆటలు, మురీ మిక్స్చర్, నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తు. కేకు, భోజనం ఉన్నాయని గుర్తుంచుకుని తినండి. బీచ్ బజ్జీలతో కడుపు నింపుకున్న పిల్లలు తర్వాత కేకు మీద క్రీమ్ మాత్రమే నాకుతారు. ఏడుంపావుకి గది, కాళ్లు కడుగుడు, కొత్త బట్టలు. ఏడున్నరకి కేకు, ఎనిమిదింటికి భోజనం. ముందు హారతి, అక్షింతలు అయ్యాకే కొవ్వొత్తి. పెద్దవాళ్లు కోరేది అదొక్కటే కదా, చిన్న కుంకుమ భరిణె, గుప్పెడు అక్షింతలు ఇంటి నుంచే తెచ్చుకోండి. బహుమతి చేతిలో పట్టేంత ఉండాలి, సైకిలు ఇంటికెళ్లాక ఇవ్వొచ్చు.

రెండో రోజు, ఆదివారం

సముద్రంలో తడవడం ఉంటే అది ఆదివారం పొద్దున్నే, గది చేతిలో ఉండగానే అయిపోవాలి. గది ఖాళీ చేశాక సాయంత్రం తడిసిన పిల్లలను ఇసుకతో, ఉప్పుతో రైలెక్కించడం కన్నా పెద్ద శిక్ష లేదు.

నీళ్లలోకి దిగేది మాత్రం ఆర్కే బీచ్‌లో కాదు. అక్కడ ఒడ్డు ఉన్నట్టుండి లోతవుతుంది, వెనక్కి లాగే ప్రవాహాలుంటాయి, ఏటా ప్రాణాలు పోతూనే ఉన్నాయి. పాదాలు తడిసేంత వరకే వెళ్లాలి, అది కూడా పిల్ల చెయ్యి పట్టుకునే. నీళ్లలో ఆడాలంటే శుభ్రత, భద్రత చూసి బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపును 2020లో పొందిన రుషికొండ వెళ్లండి, స్నానాలకి హద్దు గీసిన చోటులో, లైఫ్‌గార్డులు కనిపించే వైపే ఉండండి. ఎర్రజెండా ఉంటే ఒడ్డునే ఇసుక కోటలు కట్టుకోవాలి. ఒడ్డున కూర్చుని ఫోను చూసుకుంటూ పిల్లలను కనిపెట్టడం కుదరదు, మోకాళ్ల లోతులో వాళ్లకీ సముద్రానికీ మధ్య ఒక పెద్ద మనిషి నిలబడాలి. లోపలికి లాగేస్తుంటే ఒడ్డువైపు కాక ఒడ్డుకి సమాంతరంగా ఈదాలి, ప్రవాహం వదిలాక తిరగాలి. ఈత రానివాడు వెనక దూకితే ఇద్దరు పోతారు, లైఫ్‌గార్డుని కేకేయడమే పని. ఆరున్నరకి వెళ్లి ఎనిమిదిన్నరకి తిరిగొచ్చేయండి. పాత తువ్వాళ్లు రెండు, ఒక జత బట్టలు, తడివి వేసుకోవడానికి మందం సంచి ఉండాలి.

సముద్రం వద్దనుకుంటే ఇదే పూట సింహాచలం. నగరం నుంచి సుమారు 16 కిలోమీటర్లు. ఆరింటికి బయల్దేరితే ఆదివారమైనా రద్దీ మొదలవకముందే దర్శనం అవుతుంది. అర్చన టికెట్ దగ్గర గోత్రం, నక్షత్రం, రాశి అడుగుతారు, పిల్లవి కాగితం మీద రాసిపెట్టుకోండి. రుషికొండ, సింహాచలం రెండూ ఒకే పొద్దున పెట్టకండి.

టిఫిను, స్నానం, సామాను సర్దుడు అయ్యేసరికి పదకొండవుతుంది. గది ఖాళీ చేసి, సామాను రిసెప్షన్‌లో పెట్టి, భోజనం దాకా జూ. ఇందిరాగాంధీ జంతుప్రదర్శనశాల 600 ఎకరాల పైనే, నడిచి తిరిగితే పిల్లలకు కాళ్లు పడిపోతాయి. గేటు దగ్గరే బ్యాటరీ బండి మాట్లాడుకోండి. ఎండ నెత్తికెక్కాక పులులు నీడకి పోయి పడుకుంటాయి కాబట్టి వేసవిలో జూ మానేసి ఏసీ ఉన్న మాల్‌లో భోజనం చేయడమే తెలివి.

నాలుగింటికి కైలాసగిరి. రోప్‌వేలో ఎక్కి, పైన టాయ్ ట్రైన్‌లో కొండ చుట్టూ తిరిగి, నలభై అడుగుల శివపార్వతుల విగ్రహాల దగ్గర ఫోటో తీసుకుంటే ఆరవుతుంది. టాయ్ ట్రైన్‌లో సముద్రం వైపు సీట్లు ముందే నిండుతాయి. గాలి బలంగా ఉంటే రోప్‌వే ఆపేస్తారు, అప్పుడు రోడ్డు మార్గంలో కారు పైదాకా పోతుంది. ఆదివారం దిగేటప్పుడు రోప్‌వే వరుస పెద్దది, రాత్రి రైలుంటే ఐదున్నరకే వరుసలో నిలబడండి. రైలుకి గంటన్నర ముందు హోటల్‌లో సామాను చేతికి రావాలి.

అరకు, బొర్రా గుహలు కూడా కలుపుదామని ఎవరో ఒకరు అంటారు. పోవడానికే సగం రోజు. దానికి మూడో రోజు ఉంటేనే ఒప్పుకోండి.

ఖర్చు, తిరగడం

ఐదుగురికి, రైలు టికెట్లు కాక, అంచనా: బీచ్ పక్క మధ్యస్థాయి గది అదనపు పరుపుతో 4,000 నుంచి 6,000, కేకు 500 నుంచి 800, ఒక రోజు ఎనిమిది గంటల కారు 2,500 నుంచి 3,000, భోజనాలు, టిఫిన్లు రెండు రోజులకి 5,000, టికెట్లు, రోప్‌వే, చిరుతిళ్లు 2,500. మొత్తం పద్నాలుగున్నర వేల నుంచి పదిహేడు వేల మూడు వందల దాకా. కారు రెండు రోజులూ అక్కర్లేదు. మొదటి రోజు అన్నీ నడకదూరమే, ఆదివారానికి మాత్రం మాట్లాడుకోండి. వెయిటింగ్, పార్కింగు, కొండ మీదికి వెళ్లడం అందులోకే వస్తాయా అని ముందే అడగండి.

సిటీ బస్సులో బీచ్ రోడ్డు వెంబడి వెళ్లడం పిల్లలకు కారు కన్నా సరదా. ఆంధ్రప్రదేశ్ వాసులైన ఆడవాళ్లకు 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద సిటీ బస్సుల్లో టికెట్ ఉచితం, గుర్తింపు కార్డు చూపాలి. తెలంగాణ చిరునామా కార్డుకి అది వర్తించదు, డబ్బిచ్చి టికెట్ తీసుకోవాల్సిందే.

ఊరికి ఏమైనా పట్టుకెళ్లాలంటే గోధుమ పాలతో చేసే మాడుగుల హల్వా. ముద్దగా, నెయ్యి కారుతూ ఉంటుంది కాబట్టి పెట్టెని ఇంకో కవర్లో చుట్టి, బట్టల సంచిలో కాక విడిగా పట్టుకోండి.

వాన పడితే

తుపాను హెచ్చరిక ఉంటే ఆలోచించేది లేదు, రద్దు చేయండి. రైల్వే తానే రైలు రద్దు చేస్తే ఆన్‌లైన్‌లో తీసిన ఈ-టికెట్ డబ్బు మొత్తం వెనక్కి వస్తుంది. మీరే రద్దు చేస్తే ఎంత ముందైతే కోత అంత తక్కువ, దగ్గరపడేకొద్దీ పెరుగుతుంది, అందుకే మూడు రోజుల ముందు వాతావరణం చూసి నిర్ణయించండి. హోటల్ కూడా అదే గడువు దాకా ఉచితంగా రద్దు చేసుకునేలా ఉండాలి. బేకరీకి ముందు రోజు మధ్యాహ్నం లోపు చెబితే చాలా చోట్ల అడ్వాన్సు ఇంకో రోజుకి మారుస్తారు.

అక్కడికి చేరాక మామూలు వాన మొదలైతే సముద్రం, రోప్‌వే రెండూ పోయినట్టే. కురుసుర వానలోనూ చూడొచ్చు, కానీ మెట్లు, ఇనుప నేల జారతాయి, చెప్పుల బదులు బూట్లు వేయండి. బీచ్ రోడ్డు మీదే విశాఖ మ్యూజియం ఉంది, పెద్దవాళ్లకు అక్కడ గంట గడిచిపోతుంది. కేకుని ముందుకి జరపండి. వాన వేళ డెలివరీ బళ్లు దొరకవు గనుక మధ్యాహ్నమే వెళ్లి తెచ్చుకుని హోటల్ వంటగదిలో పెట్టించి, నాలుగింటికే కోసేయండి.